పురుగుమందు సీసాపై రంగు ముక్కోణం: చట్టం రక్షణ ఎంతవరకు, పొలం గట్టు దాటాక ఎవరి బాధ్యత?

తోర్వా (బిలాస్‌పూర్, ఛత్తీస్‌గఢ్): దేశంలో ఏ మూల పురుగుమందు కొన్నా దాని సీసాపై ఒక గుర్తు తప్పనిసరిగా ఉంటుంది. మూలపై నిలబెట్టిన చతురస్రం, దాని కింది సగంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చలలో ఏదో ఒక రంగు, పై సగంలో హెచ్చరిక పదం. తెలంగాణలోని పత్తి రైతుకైనా, గుంటూరు మిర్చి రైతుకైనా, రైల్వే ఉద్యోగాలతో వచ్చి తరతరాలుగా బిలాస్‌పూర్‌లోని తోర్వా వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకైనా ఆ గుర్తు ఒక్కటే. చదువుతో, భాషతో నిమిత్తం లేకుండా ప్రమాద తీవ్రతను తెలియజేయడానికే చట్టం దానిని ఏర్పాటు చేసింది.

అయితే పురుగుమందుల నియంత్రణపై సామాన్యులకు ఒక అపోహ ఉంది. మందు తయారీ నుంచి పొలంలో పిచికారీ వరకు ప్రతి దశనూ ప్రభుత్వం పర్యవేక్షిస్తుందని చాలామంది భావిస్తారు. వాస్తవం వేరు. కర్మాగారం నుంచి దుకాణం వరకు చట్టం పట్టు గట్టిగానే ఉంటుంది. రైతు చేతికి సీసా అందిన క్షణం నుంచి ఆ పట్టు సడలుతుంది. అక్కడి నుంచి రక్షణగా మిగిలేది సీసాపై ఉన్న లేబుల్, దానితో వచ్చే కరపత్రం మాత్రమే. కనుక ఈ రెండింటిలో ఏముందో తెలుసుకోవడం రైతుకు, రైతు కూలీకి ప్రాణావసరం.

నాలుగు రంగులు, నాలుగు హెచ్చరికలు

పురుగుమందుల నిబంధనలు, 1971 ప్రకారం మందులను విషతీవ్రతను బట్టి నాలుగు తరగతులుగా విభజించారు. ప్రయోగశాలలో పరీక్షకు వాడిన జంతువులలో సగం చనిపోవడానికి నోటి ద్వారా ఎంత మోతాదు అవసరమైందన్నది ఇందుకు ప్రధాన కొలమానం. శరీర బరువులో ప్రతి కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని దీనిని లెక్కిస్తారు. అంకె తగ్గేకొద్దీ విషం తీవ్రమైనదని అర్థం. చర్మం ద్వారా కలిగే ప్రభావానికి విడిగా కొలతలు ఉన్నాయి.

ఎరుపు: అత్యంత విషపూరితం. మోతాదు 1 నుంచి 50 మిల్లీగ్రాములు. పుర్రె, ఎముకల బొమ్మతో పాటు ‘విషం’ అన్న పదం ఎర్ర అక్షరాల్లో ఉంటుంది.

పసుపు: అధిక విషపూరితం. 51 నుంచి 500 మిల్లీగ్రాములు. పుర్రె బొమ్మ ఉండదు కానీ ‘విషం’ అన్న పదం ఉంటుంది.

నీలం: మధ్యస్థ విషం. 501 నుంచి 5,000 మిల్లీగ్రాములు. ‘ప్రమాదం’ అని రాసి ఉంటుంది.

ఆకుపచ్చ: స్వల్ప విషం. 5,000 మిల్లీగ్రాములకు పైన. ‘జాగ్రత్త’ అని ఉంటుంది.

ఈ గుర్తు లేబుల్ ముఖభాగంలో కనీసం పదహారవ వంతు ఉండాలన్నది నిబంధన. లేబుల్, కరపత్రం హిందీ, ఆంగ్లంతో పాటు ఆ మందు అమ్ముడుపోయే ప్రాంతంలోని ఒకటి రెండు ప్రాంతీయ భాషలలో ఉండాలి.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఆకుపచ్చ రంగుకు ‘హాని లేదు’ అని అర్థం కాదు. రెండవది, ఈ రంగులు ఒక్కసారి ఒంట్లోకి వెళితే కలిగే తక్షణ విషప్రభావాన్ని మాత్రమే సూచిస్తాయి. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా సోకడం వల్ల కలిగే నష్టాన్ని గానీ, విరుగుడు ఉన్నదీ లేనిదీ గానీ రంగు చెప్పదు. పారాక్వాట్ అనే కలుపుమందు ఇందుకు ఉదాహరణ. ఎరుపు కాక పసుపు గుర్తుతో అమ్మే ఈ మందుకు నిర్దిష్టమైన విరుగుడు లేదు. దీనిని నిషేధించాలని తెలంగాణలో వైద్యులు కోరుతూ వచ్చింది ఈ కారణంగానే.

విషాదం నుంచి పుట్టిన చట్టం

పురుగుమందులపై దేశానికి ప్రత్యేక చట్టం కావాలన్న ఆలోచన పొలంలో కాక వంటింట్లో జరిగిన విషాదం నుంచి వచ్చింది. 1958లో కేరళలో పారాథియాన్ అనే మందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా మరణించారు. ఆహార పదార్థాలను, విషపు మందును ఒకే నౌకలో రవాణా చేయడమే ఆ ఘోరానికి దారితీసింది. మద్రాసు రాష్ట్రంలోనూ విషాహార ఘటనలు జరిగాయి. వీటిపై విచారణకు కేంద్రం జస్టిస్ జె.సి. షా కమిషన్‌ను నియమించింది. దరిమిలా పార్లమెంటు పురుగుమందుల చట్టం, 1968ని ఆమోదించింది. నిబంధనలు 1971లో అమల్లోకి వచ్చాయి.

ఆ విషాదపు ముద్ర నిబంధనల్లో నేటికీ కనిపిస్తుంది. ఆహార పదార్థాలకు, పశువుల దాణాకు నేరుగా తగిలేలా పురుగుమందును రవాణా చేయరాదు, నిల్వ చేయరాదు. రైలులో పంపే మందులను రైల్వే మంత్రిత్వ శాఖ ప్రమాదకర సరుకుల కోసం రూపొందించిన ‘రెడ్ టారిఫ్’ షరతుల ప్రకారం ప్యాకింగ్ చేయాలి. దారిలో డబ్బా పగిలి ఆహార పదార్థంలో కలిస్తే పురుగుమందుల ఇన్‌స్పెక్టరు పరిశీలించి దానిని సురక్షితంగా తొలగించే ఏర్పాటు చేయాలి. ధాన్యం, బియ్యం వ్యాగన్లు నిత్యం కదిలే ఛత్తీస్‌గఢ్‌కు, ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్రస్థానమైన బిలాస్‌పూర్‌కు ఈ నిబంధనల విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఎవరి పని ఏమిటి?

నియంత్రణ వ్యవస్థ మూడు అంచెల్లో పనిచేస్తుంది. మొదటి అంచె కేంద్రానిది. ఫరీదాబాద్‌లోని కేంద్ర పురుగుమందుల బోర్డు, రిజిస్ట్రేషన్ కమిటీ వద్ద నమోదు కాకుండా ఏ మందునూ దేశంలో తయారు చేయరాదు, దిగుమతి చేసుకోరాదు. మందు పనిచేస్తుందా, మనుషులకు, జంతువులకు ఎంతవరకు సురక్షితం అన్న సమాచారాన్ని కమిటీ పరిశీలిస్తుంది. ఏ పంటపై, ఏ పురుగుకు, ఎకరాకు లేదా హెక్టారుకు ఎంత మోతాదులో, ఎంత నీటిలో కలిపి వాడాలో కూడా అప్పుడే నిర్ణయమవుతుంది. వరికి నమోదైన మందును వంకాయపై కొట్టమని సలహా ఇచ్చే హక్కు ఎవరికీ ఉండదు.

రెండవ అంచె రాష్ట్రానిది. తయారీకి, అమ్మకానికి లైసెన్సులిచ్చేది, ఇన్‌స్పెక్టర్లను నియమించేది, దుకాణాల నుంచి నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపేది, కేసులు పెట్టేది రాష్ట్ర వ్యవసాయ శాఖే. దుకాణదారు ప్రతి అమ్మకానికీ బిల్లు ఇవ్వాలి. గడువు తీరిన మందును విడిగా ఉంచి, అమ్మకానికి కాదని గుర్తు వేయాలి. మందును తిండిగింజలు, దాణా ఉన్న గదిలో నిల్వ చేయరాదు. డీలరుకు వ్యవసాయ పరిజ్ఞానం ఉండాలన్న షరతునూ తరువాతి కాలంలో చేర్చారు. డిగ్రీ లేని డీలర్ల కోసం హైదరాబాద్‌ రాజేంద్రనగర్‌లోని ‘మేనేజ్’ సంస్థ 2003లోనే ఏడాది డిప్లొమా కోర్సు ప్రారంభించింది.

మూడవ అంచె ఆహారానికి సంబంధించినది. కూరగాయల్లో, ధాన్యంలో, మసాలాల్లో మిగిలే మందు అవశేషం ఎంత మించరాదో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ నిర్ణయిస్తుంది. ఈ పరిమితికి పొలంలో మూలం ఒక్కటే: చివరిసారి మందు కొట్టిన నాటికి, కోతకు మధ్య ఆగవలసిన రోజుల సంఖ్య. ఆ సంఖ్య మందుకూ మందుకూ, పంటకూ పంటకూ మారుతుంది. ఉదయం మందు కొట్టి సాయంత్రం సంతకు తెచ్చిన కూరగాయపై ఏ అధికారి నిఘా అయినా ఆలస్యమే అవుతుంది.

పొలం గట్టు వద్ద ఆగే చట్టం

చట్టంలో అంతగా చర్చకు రాని భాగం సెక్షన్ 38. సొంత ఇంటి అవసరానికి, పెరటి తోటకు లేదా తాను సాగు చేసే భూమిలో వాడుకునే వ్యక్తికి ఈ చట్టం వర్తించదని అది చెబుతుంది. కోట్లాది చిన్న రైతులను ఇన్‌స్పెక్టర్ల వేధింపు నుంచి, కేసుల నుంచి తప్పించడం దీనివల్ల కలిగే మేలు. కానీ నాణేనికి రెండో వైపు ఉంది. చేతి తొడుగులు లేకుండా మందు కలపడం, మూడు నాలుగు మందులను ఒకే డ్రమ్ములో పోసి కొట్టడం, గాలికి ఎదురుగా పిచికారీ చేయడం వంటి వాటిని ఆపే యంత్రాంగం పొలంలో లేదు.

నిబంధనల్లో కార్మికుల రక్షణకు ఒక అధ్యాయమే ఉంది. మందుల తయారీలో, పిచికారీలో పనిచేసేవారికి ఉద్యోగానికి ముందు, ఆపై కనీసం మూడు నెలలకోసారి వైద్య పరీక్ష జరపాలి. ఆర్గానోఫాస్ఫరస్, కార్బమేట్ వర్గపు మందులతో పనిచేసేవారికి నెలనెలా రక్తంలో కోలినెస్టరేజ్ స్థాయిని చూడాలి. రక్షణ దుస్తులు, శ్వాస పరికరాలు, విరుగుడు మందులు, శిక్షణ అందుబాటులో ఉంచాలి. కర్మాగారాల విషయంలో, పురుగు నివారణ సంస్థల విషయంలో ఇవి కొంతవరకు అమలయ్యే వీలుంది. రోజు కూలికి పక్కవారి చేనులో పంపు భుజాన వేసుకునే మనిషి దగ్గరకు మాత్రం ఇవి ఆచరణలో చేరవు.

ఆ లోపం ఫలితాన్ని దేశం 2017లో చూసింది. తెలంగాణలోని ఆదిలాబాద్‌కు పొరుగునే ఉన్న మహారాష్ట్ర యవత్మాళ్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. ఇరవైమందికి పైగా మరణించారు. ఏపుగా పెరిగిన పత్తిలో తల ఎత్తున పిచికారీ చేయడం, మందుల మిశ్రమాలు, రక్షణ సామగ్రి లేకపోవడం కారణాలుగా చర్చకు వచ్చాయి.

ప్రమాదం పంపు పట్టిన మగవారికే అనుకోవడమూ పొరపాటే. మూడు భారతీయ గ్రామాల్లోని పత్తి సాగుదారులపై 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఒక పంటకాలంలో 323 ఘటనలను నమోదు చేసింది. వాటిలో 83.6 శాతం ఘటనల్లో స్వల్పం నుంచి తీవ్రం వరకు విషప్రభావ లక్షణాలు కనిపించాయి. గాఢమైన మందును నీటిలో కలపడం, పంపులు నింపడం వంటి, సాధారణంగా స్త్రీలు చేసే పనులు పిచికారీ అంత ప్రమాదకరమైనవేనని ఆ అధ్యయనం తేల్చింది.

నిషేధం ఎవరి చేతిలో?

మందును శాశ్వతంగా నిషేధించే అధికారం కేంద్రానిదే. సెక్షన్ 27 కింద రాష్ట్రాలు కూడా ప్రమాదకరమనుకున్న మందు అమ్మకాన్ని, వాడకాన్ని నిలిపివేయవచ్చు కానీ అది గరిష్ఠంగా 60 రోజులకే. విచారణ పూర్తికాకపోతే మొత్తం మీద మరో 30 రోజులు పొడిగించవచ్చు. యవత్మాళ్ మరణాల తరువాత మహారాష్ట్ర విదర్భలోని ఐదు జిల్లాల్లో ఐదు మందుల అమ్మకాన్ని ఇలాగే 60 రోజులు ఆపింది. పంటకాలం నడిమధ్యలో వచ్చే తాత్కాలిక నిషేధం గడువు తీరగానే అదే మందు తిరిగి అలమారలోకి చేరే వీలుంది.

కేంద్ర స్థాయి నిషేధాలకు ఏళ్లు పడుతున్నాయి. కేరళలోని కాసరగోడ్ బాధితుల దీర్ఘ పోరాటం తరువాత ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మే 13న నిలిపివేసింది. 2013లో ఏర్పాటైన అనుపమ్ వర్మ కమిటీ 66 మందులను సమీక్షించింది. ఆ సిఫార్సుల ఆధారంగా 2018లో 18 మందులపై నిషేధపు ఉత్తర్వు వెలువడింది. వాటిలో 12 వెంటనే, మిగిలిన 6 మందులు 2020 డిసెంబరు 31 నుంచి నిషేధానికి లోనయ్యాయి. 2020 మే నెలలో మరో 27 మందులను నిషేధించేందుకు ముసాయిదా వచ్చింది. మూడేళ్లకు పైగా గడిచాక, 2023 సెప్టెంబరు 29 నాటి తుది ఉత్తర్వు డైకోఫాల్, డైనోక్యాప్, మెథోమిల్‌లను నిషేధించి, మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రవానికి ముగింపు పలికే ఏర్పాటు చేసింది.

ఈ జాప్యం ఖరీదు ఎంతో తెలుగు నేలకు తెలుసు. వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషప్రభావంతో 8,040 మంది చేరారని, వారిలో 22.6 శాతం మంది మరణించారని 2005లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. 2002 వివరాల్లో అత్యధికులు క్షణికావేశంలోనో, నిస్సహాయతలోనో తామే మందు తీసుకున్నవారు. మూడింట రెండు వంతుల మంది 30 ఏళ్ల లోపువారు. ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగానికి కారణమైనవి రెండే: మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. అతి తీవ్రమైన విషాలు ఇంట్లో అందుబాటులో లేకపోతే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయన్నది దీని సారాంశం. మందును తాళం వేసిన పెట్టెలో ఉంచడం కూడా ఆ మేరకు రక్షణే. మానసిక వేదనలో ఉన్నవారు, వారి కుటుంబసభ్యులు ‘టెలి మానస్’ సేవ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

ఖాళీ డబ్బా, ధాన్యపు గిడ్డంగి

వాడేసిన డబ్బాను పగులగొట్టి, నివాసాలకు దూరంగా పాతిపెట్టాలని, మళ్లీ వాడేలా బయట వదలరాదని నిబంధనలు చెబుతున్నాయి. ఇది చాదస్తం కాదు. 2013 జూలై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. 1958 నాటి నౌకలో జరిగిన తప్పే అర్ధశతాబ్ది దాటాక పల్లెబడి వంటగదిలో పునరావృతమైంది.

బిలాస్‌పూర్‌కు కూడా ఇటువంటి చేదు జ్ఞాపకం ఉంది. 2014 నవంబరులో జిల్లాలోని కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స శిబిరాల తరువాత పదిమందికి పైగా మహిళలు మరణించినప్పుడు, వారికిచ్చిన మాత్రల్లో ఎలుకల మందుగా వాడే జింక్ ఫాస్ఫైడ్ ఉన్నట్లు ప్రాథమిక పరీక్షలు సూచించాయని రాష్ట్ర అధికారులు ప్రకటించారు. మరణాలకు అసలు కారణంపై తరువాత భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయి. ఏదేమైనా ఎలుకల మందు కూడా ఇదే చట్టం పరిధిలోకి వచ్చే విషమేనన్న సంగతి పట్టణవాసులు మరువరాదు.

వరి పండే ప్రాంతాల్లో మరో ప్రమాదం గిడ్డంగులది. ధాన్యానికి పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తాయి. దీనికి నిర్దిష్టమైన విరుగుడు లేదు. అందుకే ఈ మందును ప్రభుత్వ సంస్థలకు, పురుగు నివారణ సంస్థలకు మాత్రమే, నిపుణుల పర్యవేక్షణలో వాడేందుకు అమ్మాలి. 3 గ్రాముల బిళ్లలు 10, 20 చొప్పున ఉండే గొట్టాలను 2001లోనే పూర్తిగా నిషేధించారు. ఇంట్లో బియ్యం బస్తాల మధ్య ఈ బిళ్లలు పెట్టుకోవడం చట్టవిరుద్ధమే కాదు, ఇంటిల్లిపాదికీ ప్రాణాంతకం.

చట్టంలో మార్పు ఎప్పుడు?

1968 చట్టం స్థానంలో కొత్త చట్టం తేవాలని 2008లోనూ, 2020లోనూ రాజ్యసభలో బిల్లులు ప్రవేశపెట్టారు. 2020 బిల్లును పార్లమెంటు స్థాయీ సంఘం పరిశీలించింది. రెండూ చట్టరూపం దాల్చలేదు. చర్చ ప్రధానంగా మూడు అంశాల చుట్టూ తిరుగుతోంది. నకిలీ మందులకు శిక్షలు పెంచాలా, రాష్ట్రాలకు దీర్ఘకాల నిషేధాధికారం ఇవ్వాలా, విషప్రభావానికి గురైన రైతుకు, కూలీకి పరిహారం ఎవరు చెల్లించాలి? ప్రస్తుత చట్టంలో నాసిరకం లేదా తప్పుడు లేబుల్ మందు అమ్మితే మొదటి నేరానికి రెండేళ్ల వరకు జైలు, లేదా 10 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. విషప్రభావ ఘటనలను నివేదించాలని రాష్ట్రాలు ఆదేశించవచ్చునని సెక్షన్ 26 చెబుతోంది. తప్పక ఆదేశించాలని మాత్రం చెప్పడం లేదు. లెక్క పూర్తిగా తేలని చోట నియంత్రణ కూడా పూర్తిగా సాగదు.

మరోవైపు, మందు వాడకాన్నే తగ్గించే మార్గాన్ని తెలుగు గ్రామాలు చూపాయి. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల రైతులు 2000 దశకం తొలి ఏళ్లలో వేప కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటల సాయంతో పురుగుమందులు లేని పత్తి సాగుకు మళ్లారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రకృతి సాగు కార్యక్రమం అమలవుతోంది.

రైతులు, కూలీలు గుర్తుంచుకోవలసినవి

• లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొనాలి. బిల్లుపై మందు పేరు, బ్యాచ్ నంబరు ఉన్నాయో లేదో చూడాలి. నష్టం జరిగితే బిల్లే సాక్ష్యం.

• సీలు తీయకముందే కరపత్రం చదవాలి లేదా చదివించుకోవాలి. మీ పంట పేరు, మోతాదు, కోతకు ముందు ఆగవలసిన రోజులు అందులో ఉంటాయి.

• కరపత్రంలో లేని మిశ్రమాలు చేయరాదు. మందు కలిపేటప్పుడే తొడుగులు, ముక్కుకు గుడ్డ, నిండు చేతుల చొక్కా ధరించాలి. గాలి వాలున, ఎండ తగ్గిన వేళ పిచికారీ చేయాలి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదరాదు.

• మందును శీతల పానీయాల సీసాల్లోకి, వంట పాత్రల్లోకి మార్చరాదు. అసలు సీసా నుంచి వేరుపడిన మందుకు రంగు గుర్తు ఉండదు, విరుగుడు సమాచారమూ ఉండదు.

• కళ్లు మసకబారడం, కంటిపాప కుదించుకుపోవడం, చొంగ కారడం, విపరీతమైన చెమట, వాంతులు, ఊపిరాడకపోవడం కనిపిస్తే వెంటనే పని ఆపాలి. తడిసిన బట్టలు తీసి, ఒంటిని సబ్బుతో కడిగి, 108కి ఫోన్ చేయాలి.

• రోగితో పాటు సీసాను లేదా దాని లేబుల్‌ను ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆర్గానోఫాస్ఫరస్ మందుకు అట్రోపిన్ వంటి విరుగుడు ఉంది. అన్ని మందులకూ అదే పనిచేయదు. ఏ మందో తెలిస్తేనే వైద్యుడు ఏ చికిత్సో నిర్ణయించగలరు.

• సలహా కోసం స్థానిక వ్యవసాయ అధికారిని, లేదా కిసాన్ కాల్ సెంటర్‌ను 1800-180-1551 నంబరులో సంప్రదించవచ్చు. ఆయా రాష్ట్రాల భాషల్లో సమాధానం లభిస్తుంది.

కొత్త చట్టం వచ్చినా, రాకపోయినా ఈ జాగ్రత్తలు మారవు. పక్క చేనులో కూలికి మందు కొట్టే మనిషికి తొడుగులు, ముసుగు సమకూర్చడం, కరపత్రంలోని నాలుగు మాటలు చదివి వినిపించడం ఆ పని చేయించుకునే రైతు బాధ్యత. పొలం గట్టు దాటాక చట్టం చేయలేని పని అదే.